సాటి, పోటీ: అసూయకి ఒక చరిత్ర

ముద్దుపళని 'రాధికాసాంత్వనం'లో రాధిక ఇళాదేవిని తన చేతులతో పెంచి పెద్దచేస్తుంది. కృష్ణుడికిచ్చి పెళ్ళి చేయిస్తుంది. మొదటి రాత్రికి ఆ పిల్లని తనే ముస్తాబు చేస్తుంది. ఎలా మెలగాలో ఆ పిల్లకి చెప్తుంది, ఎంత సున్నితంగా ఉండాలో కృష్ణుడికీ చెప్తుంది. చెప్పి గదిలోంచి బయటికి వచ్చాక కాలిపోవడం మొదలవుతుంది.

నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాల కావ్యం ఇది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ఒక గణిక రాసింది. శృంగారం గురించీ, స్త్రీ కోరికని స్త్రీయే చెప్పడం గురించీ ఈ కావ్యం మీద చాలా చర్చ జరిగింది. జరగాల్సిందే. కానీ నన్ను ఈమధ్య మళ్ళీ దాని దగ్గరికి పంపింది శృంగారం కాదు, రాధిక ఏడుపు. తను పెంచిన పిల్లని చూసి తను ఓర్చుకోలేకపోవడం. ముద్దుపళని ఆ ఓర్వలేనితనాన్ని ఎక్కడా సిగ్గుపడాల్సిన విషయంగా చూపించదు. రాధికకి నీతులు చెప్పి నోరు మూయించదు. కావ్యం పేరే సాంత్వనం. అంటే ఆ బాధ నిజమేననీ, దానికి ఎవరో ఒకరు వచ్చి జవాబు చెప్పుకోవాలనీ ఒప్పుకోవడం.

నా స్నేహితురాలొకామె, మంచి కథకురాలు, తన ఫేస్‌బుక్ ఖాతా మూసేసింది. ఎందుకని అడిగితే దాచకుండా చెప్పింది. పొద్దున లేచి ఫోన్ తీస్తే ఒకరి పుస్తకావిష్కరణ, ఇంకొకరికి శాలువా, మరొకరి కథకి అనువాదం, ఎవరో అమెరికాలో సభకి వెళ్తూ విమానాశ్రయంలో ఫోటో. "చూసినంతసేపూ కడుపులో ఏదో తిప్పుతుంది. వాళ్ళందరూ మన స్నేహితులే. అందరి కిందా అభినందనలు రాస్తాను. రాశాక అరగంట ఏ పనీ చేయలేను. మనం స్త్రీవాదులం కదే, సాటి ఆడదాన్ని చూసి ఇలా ఏడవొచ్చా?" అంది.

ఆ ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నాకూ ఆ తిప్పు తెలుసు. అయితే "ఏడవొచ్చా" అన్నదానికంటే "సాటి" అన్న మాట దగ్గర నా ఆలోచన ఆగింది. తెలుగులో సాటి మనిషి అంటే తోటి మనిషి. సాటి లేదు అంటే ఎవరూ సమానం కాదని. తోడుకీ తూకానికీ ఒకే మాట వాడుకుంటున్నాం. సాటి స్త్రీ అన్నప్పుడు ఆమె నా పక్కన నిలబడ్డ మనిషో, నన్ను తూచే తూకం రాయో మాట చెప్పదు. అది చరిత్రలోంచి తెలుసుకోవాల్సిందే.

అసూయకి మన భాషలో ఉన్న మాటలన్నీ ఒంటికి సంబంధించినవే. కడుపుమంట, కన్నుకుట్టడం, కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం, కుళ్ళుకోవడం. ఆటోల వెనకా లారీల వెనకా "నన్ను చూసి ఏడవకు" అని రాసి ఉంటుంది. ఆ బండి నడిపేది దాదాపు ఎప్పుడూ మగవాడే. ఆరిషడ్వర్గాలు లెక్కపెట్టిన శాస్త్రాలు మాత్సర్యాన్ని మనిషికి, అంటే వాళ్ళ దృష్టిలో మగవాడికి, ఉండే ఆరు శత్రువుల్లో ఒకటిగా చెప్పాయి. అదే మాట ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి జయించాల్సిన శత్రువు కాస్తా పుట్టుకతో వచ్చిన స్వభావమైపోయింది. ఆడదానికి ఆడదే శత్రువు అనే సామెత ఎంతమంది మగవాళ్ళ నోట విన్నామో లెక్కలేదు.

అసూయ లేనిది అని పేరున్న స్త్రీ మనకొకామె ఉంది, అనసూయ. మనవైపు ప్రచారంలో ఉన్న కథలో ఏం జరుగుతుంది? నారదుడు లక్ష్మి దగ్గరికీ, పార్వతి దగ్గరికీ, సరస్వతి దగ్గరికీ వెళ్తాడు. ఇనుప గుగ్గిళ్ళు ఉడికించమంటాడు. వాళ్ళ వల్ల కాదు. అత్రి భార్య అనసూయ ఉడికించి పెడుతుంది. ఆ సంగతి నారదుడే వెళ్ళి ముగ్గురు దేవతలకీ చెప్తాడు. వాళ్ళకి కన్నుకుట్టి తమ భర్తల్ని ఆమె మీదికి పరీక్షకి పంపుతారు. అసూయ లేని ఒక స్త్రీ కథ నడవాలంటే ముగ్గురు స్త్రీల అసూయ కావాల్సి వచ్చింది. పోటీ పెట్టినవాడు నారదుడు, పోటీ అంశం పాతివ్రత్యం, పరీక్షలో ఇబ్బంది పడాల్సింది అనసూయ. చివర్లో తల దించుకునేది ముగ్గురు దేవతలు. పోటీ పెట్టినవాడు మాత్రం నారాయణ నామం చెప్పుకుంటూ వెళ్ళిపోతాడు. పిల్లలప్పుడు ఈ కథ విని మనం నవ్వుకున్నాం.

నారదుడు ఇంకోచోటా ఇదే పని చేస్తాడు. నంది తిమ్మన 'పారిజాతాపహరణం' ఆయన తెచ్చిన ఒక్క పువ్వుతో మొదలవుతుంది. కృష్ణుడు ఆ పువ్వుని రుక్మిణికిస్తాడు. నారదుడు అక్కడితో ఊరుకోడు. ఇక సవతులందరిలో నువ్వే మిన్న అని రుక్మిణిని పొగుడుతాడు, ఆ పొగడ్తలోకి సత్యభామని లాగుతాడు. అది విన్న చెలికత్తె ఒకతె పరుగెత్తుకెళ్ళి సత్యభామకి చెప్తుంది. సత్యభామ పువ్వుని చూడలేదు, ఇచ్చినప్పుడు అక్కడ లేదు. ఆమెకి అందింది కబురు మాత్రమే. పువ్వు ఒకటే ఉండటం, దాన్ని ఇచ్చేవాడు ఒకడే కావడం, ఇచ్చిన సంగతి అందరికీ తెలిసేలా చెప్పేవాడొకడుండటం: ఈ మూడూ కలిస్తేగాని సత్యభామ అలకగృహంలోకి వెళ్ళదు. మనవాళ్ళు వందల ఏళ్ళుగా సత్యభామ అలకని చూసి ముచ్చటపడ్డారు గానీ పువ్వులు ఎందుకు తక్కువ పడ్డాయని అడగలేదు.

తంజావూరులో పువ్వు ఇచ్చే స్థానంలో రాజు ఉన్నాడు. ముద్దుపళని కంటే దాదాపు నూరేళ్ళ ముందు, విజయరాఘవ నాయకుడి కొలువులో పసుపులేటి రంగాజమ్మ ఉండేది. 'మన్నారుదాస విలాసం', 'ఉషాపరిణయం' రాసింది. రాజు చేత కనకాభిషేకం అందుకుంది. ఇంత రాసిన మనిషి గురించి మన సాహిత్య పాఠాల్లో ఎక్కువగా వినపడేది ఒక చాటుకథ. పట్టపురాణి తన భర్తని వదిలిపెట్టమని ఈమెకి కబురు పంపిందట. నేనేమైనా నీ ఇంట్లో జొరబడి నీ మగణ్ణి లాక్కొచ్చానా అన్న ధోరణిలో ఈమె పద్యంతో జవాబు చెప్పిందట. నేను పాఠాలు చెప్పిన పాతికేళ్ళలో ఈ పద్యం తెలిసిన విద్యార్థులు చాలామంది కనిపించారు. రంగాజమ్మ నాటకం తెరిచి చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక మగవాడి కోసం పోట్లాడుకున్న కథ ఉంటే చాలు, వాళ్ళలో ఒకామె రాసిన పుస్తకాలు అక్కర్లేదు. నిజంగా ఆ కబురు వెళ్ళిందో లేదో ఎవరికెరుక? ఆ చాటుకథ బతికి ఉండటం మాత్రం నిజం.

ముద్దుపళని తన అవతారికలో తనని తను పొగుడుకుంటుంది. తనవంటి స్త్రీలలో పండితుల్ని సత్కరించినవాళ్ళు ఎవరున్నారు, కావ్యాలు అంకితం పొందినవాళ్ళు ఎవరున్నారు, ఇన్ని విద్యల్లో పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎవరున్నారు అన్న అర్థంలో అడుగుతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకిది కొంచెం ఎబ్బెట్టుగా అనిపించింది. సాటి స్త్రీలని తక్కువ చేసి తను పైకెక్కుతున్నట్టు. ఇప్పుడు చదివితే వేరే సంగతి కనిపిస్తోంది. మగకవులందరూ అవతారికలో ఆత్మస్తుతి చేసుకున్నవాళ్ళే. వాళ్ళు తమని ఏ స్త్రీతోనూ పోల్చుకోరు. పూర్వకవులతో పోల్చుకుంటారు. ముద్దుపళనికి పోల్చుకునే చోటు అక్కడిదాకా పోలేదు, తనవంటి స్త్రీల వరస దగ్గరే ఆగిపోయింది. అయితే అదే అవతారికలో తన సాహిత్య వారసత్వాన్ని నాయనమ్మ తంజనాయకి నుంచి, మేనత్త నుంచి చెప్పుకుంది. తనకి ముందున్న ఆడవాళ్ళని పేరుపెట్టి తలుచుకుంది. పోటీ, తోడు ఒకే అవతారికలో ఉన్నాయి.

ఈ కావ్యాన్ని ఆమె సొంత కథగా చదివేవాళ్ళున్నారు. రాధిక ఎవరు, ఇళ ఎవరు అని ఆరాలు తీసేవాళ్ళు. నాకు ఆ ఆసక్తి లేదు. శ్రీనాథుణ్ణి నలుడివా అని ఎవరూ అడగరు.

పోల్చుకోవడమే తప్పని, పోలికలు మానేస్తే మనశ్శాంతి వస్తుందని ఇప్పుడు వ్యక్తిత్వ వికాసం పుస్తకాలన్నీ చెప్తున్నాయి. ఈ సలహా నాకు మింగుడుపడదు. ఎందుకంటే మన దేశంలో స్త్రీవాదానికి తొలి పుస్తకాల్లో ఒకదాని పేరే పోలిక. తారాబాయి శిందే మరాఠీలో 1882లో రాసిన 'స్త్రీ పురుష తులన'. అంతకు ముందు సంవత్సరం సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకి, పుట్టిన బిడ్డని చంపిందన్న నేరానికి, కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత దాన్ని ద్వీపాంతర శిక్షగా తగ్గించారు. పత్రికల్లో ఆడవాళ్ళ నీతి మీద మగవాళ్ళు రాసిన రాతలు చూసి తారాబాయి కోపంతో కలం పట్టింది. మీరు ఆడవాళ్ళకి అంటగట్టే ప్రతి దుర్గుణమూ మీలో ఎంత ఉందో తూచి చూద్దాం రండి అంది. ఆమె విజయలక్ష్మిని ఇంకొక మంచి వితంతువుతో పోల్చలేదు. ఆమెకి శిక్ష వేసిన లోకంతో పోల్చింది. ఆమె తులన పక్కకి తిరగలేదు, పైకి తిరిగింది. నా వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నదల్లా ఇదే. పోలిక మానక్కర్లేదు, అది ఎటు తిరిగి ఉందో చూసుకోవాలి.

మన దగ్గర ఈ పని చేసిన మనిషి బెంగుళూరు నాగరత్నమ్మ. మైసూరు రాజ్యంలోని నంజనగూడులో 1878లో పుట్టింది. దేవదాసీ కుటుంబం. మద్రాసు వచ్చి గాయనిగా గొప్ప పేరు, డబ్బు సంపాదించింది. తెలుగు, కన్నడం, సంస్కృతం చదువుకుంది. ముద్దుపళని ప్రస్తావన ఎక్కడో చదివి, ఆ కావ్యం కోసం వెతికింది. దొరికిన అచ్చుప్రతిలో అవతారికా గద్యాలూ లేవు, కొన్ని పద్యాలూ లేవు. అంతటితో సరిపెట్టుకోకుండా రాతప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ళవారి చేత అచ్చువేయించింది. ముందుమాటలో, ఒక స్త్రీ రాసిందని, తన కులంలో పుట్టినామె రాసిందని, అందుకే ఎన్నిసార్లు చదివినా తనివి తీరలేదని అర్థం వచ్చేలా రాసుకుంది.

ఇక్కడ ఒక్కసారి ఆలోచించండి. నాగరత్నమ్మకి కూడా కవిత్వం, సంగీతం, పేరు, డబ్బు అన్నీ ఉన్నాయి. నూటయాభై ఏళ్ళ కిందటి ఇంకొక గణికని వెలికి తీస్తే తన పేరుకి వచ్చేదేమీ లేదు. పైగా పరువు తక్కువ. అయినా చేసింది. కందుకూరి వీరేశలింగం అప్పటికే 'కవుల చరిత్ర'లో ముద్దుపళని పాండిత్యాన్ని ఒప్పుకుంటూనే, ఆడవాళ్ళు వినడానికి కూడా తగని విషయాలు ఆడదాని నోట రావడాన్ని తీవ్రంగా తప్పుపట్టాడు. నాగరత్నమ్మ ఆయనకి జవాబు చెప్పింది. సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి అక్కర్లేదా అని అడిగింది. మగకవులు రాసిన ఇంతకంటే పచ్చి శృంగారాన్ని మెచ్చుకున్న చేత్తో ఈ ఒక్క పుస్తకాన్నే ఎందుకు తిడుతున్నారని అడిగింది. ముద్దుపళనిని మొల్లతోనో వెంగమాంబతోనో పోల్చి, వాళ్ళు భక్తి రాశారు ఈమె రాయలేదు అని తూచిన లోకంలో నాగరత్నమ్మ ఆ తూకం రాళ్ళనే తీసి చూపించింది. ఫలితంగా రెండేళ్ళు తిరక్కుండానే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు, 1947లో ఆ నిషేధం తొలగింది. అంటే నాగరత్నమ్మ తన ముప్ఫైల్లో వేసిన పుస్తకం మళ్ళీ బయటికి రావడానికి ఆమెకి డెబ్భై ఏళ్ళు రావాల్సి వచ్చింది.

తిరువయ్యారు సంగతి కూడా చెప్పాలి. త్యాగరాజు సమాధి పాడుబడి ఉంటే, నాగరత్నమ్మ తన సొంత డబ్బుతో 1920లలో అక్కడ గుడి కట్టించింది. ఏటా ఆరాధన జరిపేవాళ్ళు అప్పటికే రెండు పక్షాలు, పెద్ద కచ్చి, చిన్న కచ్చి. ఇద్దరికీ పరస్పరం పడదు. ఆడవాళ్ళని పాడనివ్వకూడదన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. తను కట్టించిన గుడిలో తను పాడటానికి వీల్లేదు! 1927లో ఆమె మూడో కచ్చి పెట్టింది, ఆడవాళ్ళ కచ్చి. దేవదాసీ గాయనుల్ని కూడగట్టి గుడి వెనకవైపు పాడించింది. ఆ రెండు పక్షాల్లో ఏదో ఒకదాన్ని మంచి చేసుకుని, తనొక్కతీ పాడేలా అనుమతి తెచ్చుకోవడం నాగరత్నమ్మ స్థాయి మనిషికి కష్టం కాకపోవచ్చు. ఉన్న ఒక్క పువ్వూ తనకే వచ్చేది. ఆమె వేదికనే పెంచింది. 1940 ప్రాంతంలో మూడు కచ్చిలూ కలిశాక ఆడవాళ్ళు పాడటం రివాజయింది.

అలాగని ఇదంతా అక్కచెల్లెళ్ళ ఐకమత్యం కథగా చెప్పడం అబద్ధమవుతుంది. 1927 ప్రాంతంలోనే దేవదాసీ వ్యవస్థ రద్దు చేయాలని ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో పట్టుబట్టింది. ఆమె తల్లి కూడా దేవదాసీ కుటుంబం నుంచే వచ్చింది. నాగరత్నమ్మ, ఇతర దేవదాసీలు ఆ ప్రయత్నాన్ని వ్యతిరేకిస్తూ ప్రభుత్వానికి అర్జీలు పెట్టారు. 1947లో చట్టం వచ్చేసింది. ఆ వాదంలో ఎవరిది ఎంత న్యాయమో ఇక్కడ తేల్చబోవడం లేదు. కానీ ఆ కాలమంతా నడిచిన పెద్ద పోలిక ఒకటుంది. కులస్త్రీ ఒకవైపు, వేశ్య ఒకవైపు. ఒకరికి చదువు, ఆట, పాట లేవు. ఇంకొకరికి ఇల్లు, గౌరవం లేవు. ఒకరిని చూసి ఒకరు ఏడ్చేలా ఈ ఏర్పాటు చేసి, రెండు ఇళ్ళకీ రాకపోకలు సాగించినవాణ్ణి ఎవరూ తూకంలో పెట్టలేదు.

భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వేసినప్పుడు ఆడవాళ్ళకి తెలివితేటలు లేవన్నవాళ్ళకి జవాబుగా ఆ స్త్రీల జీవితాలు పోగుచేసింది. ఆమె ఉద్దేశం పైకి తిరిగిన పోలికే. మరుసటి ఏడే మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. కానీ మాల చేతికొచ్చాక దాన్ని వాడుకునేవాళ్ళు వేరే రకంగా వాడుకుంటారు. చూడు ఆమె ఎంత చదివిందో, చూడు ఆమె ఇల్లు దిద్దుకుంటూనే ఎలా రాసిందో అని ఇళ్ళలో కోడళ్ళకి చెప్పే పాఠంగా మారుతుంది. ఆదర్శ స్త్రీ అనే మాట నాకు ఎప్పుడూ ఒక బెత్తంలాగే కనిపిస్తుంది.

రచయిత్రుల దగ్గరికి వస్తే తూకం బహుమతుల రూపంలో వచ్చింది. 'గృహలక్ష్మి' పత్రిక తరఫున డాక్టర్ కేసరి స్వర్ణకంకణం ఏర్పాటు చేసి, మొదటిది 1934లో కనుపర్తి వరలక్ష్మమ్మకిచ్చాడు. మంచి పనే. ఆడవాళ్ళ రచనని బహిరంగంగా గౌరవించడం అప్పట్లో చిన్న విషయం కాదు. సాహిత్య అకాడెమీ 1955లో తొలి పురస్కారాలిచ్చింది. తెలుగులో ఒక స్త్రీకి అది అందడానికి 1982 దాకా పట్టింది, ఇల్లిందల సరస్వతీదేవికి, 'స్వర్ణకమలాలు' కథలకి. ఆ తర్వాత పదేళ్ళకి మాలతీ చందూర్‌కి. ఆ తర్వాత పదమూడేళ్ళకి, 2005లో, అబ్బూరి ఛాయాదేవికి. ఈ మధ్యలో వారపత్రికల్ని తమ నవలలతో నిలబెట్టింది రచయిత్రులే. మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాసేంత గిరాకీ వాళ్ళది. కానీ కుర్చీల లెక్క పదేళ్ళకొకటి. పదేళ్ళకొక కుర్చీ వేసి, దాని చుట్టూ పాతికమందిని నిలబెట్టి, వీళ్ళకి ఒకరంటే ఒకరికి పడదండీ అని నవ్వినవాళ్ళు మనకి బాగా తెలుసు.

ఈ చరిత్ర అంతా చెప్పుకున్నాక నా స్నేహితురాలి ఫోన్ మామూలుగా కనిపించదు. ఫేస్‌బుక్ 2006లో అందరికీ తెరుచుకుంది. లైక్ మీట 2009లో వచ్చింది. మరుసటి సంవత్సరం ఇన్‌స్టాగ్రామ్. మనుషులు తమ శక్తిని అంచనా వేసుకోవడానికి తమకి దగ్గరగా, తమలాగే ఉన్నవాళ్ళతో పోల్చుకుంటారని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే రాశాడు. రుక్మిణితో సత్యభామ పోల్చుకుంటుంది గానీ ఇంద్రుడి భార్యతో కాదు. ఈ కొత్త యంత్రం చేసిందేమిటంటే అందరినీ దగ్గరివాళ్ళలా కనిపించేలా చేయడం, ప్రతి పువ్వునీ అంకె వేసి చూపించడం. ఇక చెలికత్తె పరుగెత్తుకు రానక్కర్లేదు, కబురు దానంతటదే దిండు కిందికి వస్తుంది. మనం చూస్తున్నంతసేపూ వాళ్ళకి ప్రకటనల డబ్బు. ఆ సంస్థ లోపలి పత్రాలు 2021లో బయటపడ్డాయి. తమ ఒంటిని గురించి బాధపడే టీనేజి అమ్మాయిల్లో 32 శాతం మంది ఇన్‌స్టాగ్రామ్ ఆ బాధని ఇంకా పెంచుతోందని వాళ్ళ సొంత సర్వేలోనే చెప్పారు. అంకెలు కనపడకుండా చేయడాన్ని 2019లో కొన్ని దేశాల్లో పరీక్షించి, చివరికి 2021లో ఎవరికి కావాలంటే వాళ్ళు దాచుకోవచ్చని వదిలేశారు. అంటే బాధ్యత మళ్ళీ చూసేవాళ్ళ మీదే. నారదుడు మళ్ళీ వెళ్ళిపోయాడు.

అయితే ఒక విషయంలో జాగ్రత్తగా ఉండాలి. కడుపుమంట అన్నదంతా అసూయ కాదు. 1990లలో దళిత, బహుజన, ముస్లిం స్త్రీలు స్త్రీవాద సంకలనాల్లో, సభల్లో మేమెక్కడున్నామని అడిగారు. ఆ ప్రశ్నని ఒక సభలో, వేదిక మీద ఉన్నామె, పేరు వచ్చినవాళ్ళ మీద ఏడుపుగా కొట్టిపారేయడం నేను చెవులారా విన్నాను. అడిగినామె అక్కణ్ణించి లేచి వెళ్ళిపోయింది. తర్వాత 'నల్లపొద్దు' వచ్చింది. 1921 నుంచి 2002 దాకా ఎనభై ఏళ్ళ దళిత స్త్రీల సాహిత్యాన్ని గోగు శ్యామల ఒకచోట చేర్చింది. నాగరత్నమ్మ చేసిన పనే, ఇంకా పెద్ద ఎత్తున. లేని చోటుని అడగడాన్ని అసూయ అని పిలవడం కూడా పెద్దరికపు తూకాల్లో ఒకటి. ఇవాళ ఫేస్‌బుక్‌లో ఎవరి పుస్తకం కింద వందల అభినందనలుంటాయో, ఎవరి పుస్తకం కింద పది ఉంటాయో కులం చూడకుండా చెప్పగలమా? అందుకని పోలికలు మానేయండి అని అందరికీ ఒకే సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. కుర్చీలో ఉన్నామె ఆ సలహా ఇవ్వడం మరీ సులువు.

మరి రాత్రి పదకొండు గంటలకి కడుపులో తిప్పినప్పుడు ఏం చేయాలి? నాకు పనికొచ్చింది నాగరత్నమ్మ పద్ధతే. ఫోన్‌లో కనిపించేది పుస్తకం పట్టుకున్న ఫోటో. పుస్తకం కాదు. అసూయ ఎప్పుడూ ఫోటో మీదే, శాలువా మీదే, అంకె మీదే. ఆమె కథలో పదో పేజీ మీద ఎవరికీ అసూయ కలగదు, కలిగినా అది వేరే రకం. మనల్ని రాయడానికి కూర్చోబెట్టే రకం. కాబట్టి పుస్తకం తెప్పించి చదువుతాను. నచ్చితే రెండు పేజీల ఉత్తరం రాస్తాను, ఫేస్‌బుక్‌లో కాదు, ఆమెకే. నచ్చకపోతే అదీ రాస్తాను. కొన్నిసార్లు చదివాక కూడా మంట తగ్గదు. అప్పుడు ఈ పువ్వు ఎవరిచ్చారు, ఇంకోటి ఎందుకివ్వలేదు అని చూస్తాను. ఒక్కోసారి అక్కడ ఒక సంస్థ కనపడుతుంది, ఒక్కోసారి ఒక కులం, ఒక్కోసారి నలుగురు మగ న్యాయనిర్ణేతలు. ఏమీ కనపడని రోజులూ ఉన్నాయి. ఆ రోజు ఊరికే ఏడుస్తాను. రాధిక ఏడవలేదా!

ఓల్గా 'విముక్త' కథల్లో సీత, శూర్పణఖని కలుసుకుంటుంది. ముక్కుచెవులు పోయిన శూర్పణఖ ఒక తోట పెంచి ఉంటుంది. అందం విషయంలో లోకం ఎదురెదురుగా నిలబెట్టిన ఇద్దరు ఆడవాళ్ళు, తమని తూచిన మగవాళ్ళు పక్కన లేనప్పుడు మాట్లాడుకుంటారు. ఆ కథ చదివినప్పటినుంచీ 'రాధికాసాంత్వనం'లో నాకొక వెలితి కనిపిస్తోంది. రాధిక కోపాన్ని ముద్దుపళని ఎంతో ఓపికగా వింది, కృష్ణుణ్ణి ఆమె దగ్గరికి రప్పించింది, బతిమాలించింది. సాంత్వన కృష్ణుడి నుంచే వచ్చింది. ఇళాదేవి ఏమైంది? తనని పెంచిన మనిషి తనని చూసి కాలిపోతోందని ఆ పిల్లకి తెలిసినప్పుడు ఏమనుకుంది? రాధిక దగ్గరికి వెళ్ళాలనిపించిందా, వెళ్తే ఏం మాట్లాడుకునేవాళ్ళు? ఆ సంభాషణ నేనింకా ఎక్కడా చదవలేదు. నా స్నేహితురాల్ని రాయమన్నాను. ఇళ వైపు నుంచి రాస్తానంది. రాధిక వైపు నన్ను రాయమంటోంది.